బొమ్మ గీద్దాం – 4: వంపు కంటే ముందు తిన్నని గీత

పోయిన భాగంలో పెన్సిల్ చాచి కొలతలు తీశాం. ఇక వంపులు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే, టెన్షన్ పడకండి. ఫ్రెంచ్ చిత్రకారుడు జాఁ లియోఁ జెరోమ్ అంతటివాడికే మనిషి బొమ్మ ఒకప్పుడు కొరుకుడు పడలేదు.

జెరోమ్ 1824లో ఫ్రాన్స్‌లోని వెజూల్‌లో పుట్టాడు. తండ్రి కంసాలి. పారిస్‌లో పాల్ దెలరోష్ దగ్గర నేర్చుకున్నాక ప్రి ద రోమ్ పోటీకి వెళ్లాడు. గెలిస్తే ప్రభుత్వ ఖర్చుతో రోమ్‌లో చదువు. మనిషి బొమ్మ సరిగ్గా రావడం లేదని తప్పించారు. ఆ లోపం సరిదిద్దుకోవడానికి ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని, రెండు పుంజులను పెట్టి ‘కోడిపందెం’ వేశాడు. పారిస్‌లో జరిగే పెద్ద చిత్రకళా ప్రదర్శన సలోన్‌లో 1847లో దానికి పతకం వచ్చింది.

తర్వాత పారిస్‌లోని చిత్రకళా పాఠశాల ఎకోల్ దె బోజార్‌లో గురువయ్యాడు. షార్ల్ బార్గ్ అనే చిత్రకారుడితో కలిసి 197 పలకల (చూసి గీయడానికి అచ్చేసిన నమూనా బొమ్మల) డ్రాయింగ్ కోర్సు తయారుచేశాడు. అచ్చేసింది జెరోమ్ మామగారు గూపిల్. 1880లో చిత్రకారుడు వాన్ గో గీయడం సాధన చేసింది ఈ పలకలు చూసే. కచ్చితమైన గీత కంటే వెలుగూ రంగూ ముఖ్యమనుకున్న ఇంప్రెషనిస్టు చిత్రకారులంటే జెరోమ్ మండిపడేవాడు. ఆ గొడవలో నేను ఆయన పక్షం కాదు. కానీ గీత దగ్గర ఆయన మాటే వింటాను.

ఇక పని. పక్కనుంచి లైటు వేసి మీ పాదాన్ని ఫోటో తీయండి. ప్రింటు గోడకు అంటించి, పక్కనే అంతే సైజు కాగితం పెట్టండి. దారానికి తాళంచెవి కట్టి ప్రింటు ముందు వేలాడదీయండి. చీలమండకు సూటిగా కింద ఏముందో తెలుస్తుంది. వేలి కొస, మడమ వెనుక, చీలమండ, అరికాలి అంచు: ఈ నాలుగు చోట్లా చుక్కలు పెట్టి తిన్నని గీతలతో కలపండి.

మడమ గుండ్రంగా కనిపిస్తుంది. కళ్లు సగం మూసి చూడండి, మూడు నాలుగు తిన్నని ముక్కలే. గీత వాలు తప్పితే ఇట్టే తెలుస్తుంది, వంపు తప్పితే తెలియదు. అందుకే ముందు గీత. నీడ అంచునూ అలాగే గీసి, లోపల ఒకే రంగు నింపండి. వేలితో రుద్దొద్దు.

నేను మొదటిసారి బొటనవేలి గోరుతో మొదలెట్టాను. గోరు బ్రహ్మాండంగా వచ్చింది, మడమకు కాగితం చాలలేదు. గోళ్ల సంగతి వచ్చే భాగంలో. ఈలోపు ఎవరైనా గీస్తే చెరిపేయండి.