ఊపిరితిత్తుల ఏవీఎం చికిత్స: ముందస్తు అనుమతికి దరఖాస్తు విధానం

ఊపిరితిత్తుల్లో ధమని, సిర నేరుగా కలిసిపోతే దాన్ని డాక్టర్లు ఏవీఎం అంటారు. మధ్యలో ఉండాల్సిన కేశనాళికల వల అక్కడ ఉండదు. దాంతో కొంత రక్తం ఆక్సిజన్ అందుకోకుండానే గుండె ఎడమ వైపుకు చేరుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. ఆ వల వడకట్టాల్సిన చిన్న రక్తపు గడ్డలు, సూక్ష్మజీవులు తిన్నగా మెదడుకు పోగలవు. పక్షవాతం, మెదడులో చీముగడ్డ వచ్చేది ఈ దారినే. చికిత్స ఎంబోలైజేషన్. తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టం పంపి, ఏవీఎంకు రక్తం తెచ్చే నాళాన్ని కాయిల్‌ (సన్నని లోహపు తీగచుట్ట)తోనో బిరడాలాంటి ప్లగ్‌తోనో మూసేస్తారు. ఛాతీ కోయాల్సిన పని లేదు.

తేదీ పెట్టుకుని చేయించుకునే చికిత్స కాబట్టి ఖర్చు ఆరోగ్య పథకం భరించినా, బీమా భరించినా ముందే అనుమతి తీసుకోండి. కాగితాలు ఆసుపత్రి డెస్కు పంపినా, పంపేముందు మీరూ ఒకసారి చదవండి. గుర్తింపు కార్డులోనూ పథకం కార్డులోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి.

అసలు బలమంతా డాక్టరు లేఖలోనే ఉంటుంది. ఏవీఎం ఉన్నవాళ్లలో చాలామంది పైకి బాగానే కనిపిస్తారు. ‘లక్షణాలు లేవు’ అన్న ఒక్క మాట మిగిలితే, ఇప్పుడే ఎందుకన్న ప్రశ్న రావడం సహజం. అందుకే ఏవీఎంలు ఎన్ని, ఏ భాగంలో ఉన్నాయి, రక్తం తెచ్చే నాళం వెడల్పెంత అన్నవి లేఖలో ఉండాలి. 2 నుంచి 3 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్న నాళాలను సాధారణంగా మూసేస్తారు. లక్షణాలు లేకున్నా పక్షవాతం ముప్పు తగ్గించడానికే ఈ చికిత్స అని వాక్యంగా రాయమని అడగండి. మొహమాటపడకండి. ఏవీఎంలు ఎక్కువుంటే రెండు విడతలు పట్టవచ్చు. విడతలు, కాయిళ్లు, ప్లగ్‌ల అంచనా మొదటి దరఖాస్తులోనే చేర్చమనండి.

సీటీ రిపోర్టుతో పాటు స్కాన్ బొమ్మలూ జతచేయండి. బబుల్ ఎకో (రక్తం దారి తప్పుతోందా అని చూసే గుండె అల్ట్రాసౌండ్), రక్తపరీక్షల ఫలితాలు కూడా పెట్టండి. పడుకున్నప్పుడు, కూర్చున్నప్పుడు ఆక్సిజన్ శాతం విడివిడిగా కొలిపించండి. ఏవీఎంలు ఎక్కువగా ఊపిరితిత్తుల కింది భాగాల్లో ఉంటాయి కనుక కూర్చుంటే శాతం తగ్గవచ్చు. వేలికి క్లిప్పు పెట్టి నిమిషంలో తీసే ఈ సాక్ష్యాన్ని వదులుకోవద్దు. తరచూ ముక్కు నుంచి రక్తం కారడం, ఇంట్లో మరొకరికీ అదే సమస్య ఉండటం లాంటివి కూడా రాయించండి. ఏవీఎంలకు ముఖ్యకారణం హెచ్‌హెచ్‌టీ అనే, రక్తనాళాలు సరిగా ఏర్పడని వంశపారంపర్య జబ్బు. అది తేలితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకూ పరీక్షలు అవసరమవుతాయి.

దగ్గితే రక్తం పడితే, ముఖ్యంగా గర్భిణి అయితే, దరఖాస్తు సంగతి తర్వాత. వెంటనే ఆసుపత్రిలో చేరండి. అత్యవసర విభాగం కింద అనుమతి అడగమని డెస్కుకు చెప్పండి.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. కొత్త లేఖలో డాక్టరు సరిగ్గా ఆ అంశానికే జవాబివ్వాలి. పాత కాగితాలనే మళ్లీ పంపితే పని జరగదు.

అనుమతి పత్రం చేతికొచ్చాక, తర్వాతి సీటీ స్కాన్‌లు అందులో ఉన్నాయో లేదో చూడండి. మూసిన నాళం మళ్లీ తెరుచుకోవచ్చు. అందుకే సాధారణంగా 6 నుంచి 12 నెలల్లో ఒకటి, ఆపై 3 నుంచి 5 ఏళ్లకోసారి తీస్తారు. అవి లేకపోతే విడిగా దరఖాస్తు పెట్టండి. చికిత్స అయ్యాక కూడా పంటి వైద్యానికి వెళ్లేముందు యాంటీబయాటిక్ విషయం డాక్టరును అడగాలి. సెలైన్ ఎక్కించేటప్పుడు గొట్టంలో గాలి బుడగలు లేకుండా చూడమని నర్సుకు ప్రతిసారీ చెప్పాలి.