బొమ్మల పీరియడ్‌లో చిక్కులు: ఎందుకు వస్తాయి, ఎలా సరిచేయాలి

చిన్న తరగతుల్లో బొమ్మల పీరియడ్ పాడైతే నింద ముందు పిల్లల మీద పడుతుంది. అల్లరి చేశారంటారు, శ్రద్ధ లేదంటారు. నేను చూసినంతలో తప్పు చాలాసార్లు నీళ్లలోనో, కాగితంలోనో, ఆరేందుకు మనం ఇవ్వని సమయంలోనో ఉంటుంది. ముందు బల్ల మీద వెతకండి.

రంగులన్నీ కలిసి బురదలా అవుతున్నాయి

మొదట నీళ్ల గ్లాసు చూడండి. పది నిమిషాలకే అది మురికి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ నీళ్లలో ముంచిన కుంచెతో పసుపు తీస్తే పసుపు ఎక్కడ మిగులుతుంది? ఇద్దరికి రెండు గ్లాసులు పెట్టండి: ఒకటి కడగడానికి, ఇంకొకటి కడిగిన కుంచెను మళ్లీ తడపడానికి. మధ్యలో తుడుచుకోవడానికి పాత గుడ్డ ముక్క ఉండాలి. గుడ్డ లేకపోతే రెండు గ్లాసులు పెట్టినా ఒకటే, నాలుగు పెట్టినా ఒకటే.

రెండో కారణం రంగుల్లోనే ఉంది. ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే గోధుమ రంగు వస్తుంది. నీలం నారింజతో, పసుపు ఊదాతో కలిసినా అదే గతి. తడిగా ఉన్న ఆకు పక్కన ఎర్రపువ్వు వేస్తే అంచులు కలిసిపోయేది అందుకే. పువ్వును ముందు క్రేయాన్‌తో వేయించండి, లేదా ఆకు ఆరేదాకా ఆకాశం పని అప్పగించండి. మొదటి రెండు వారాలు పన్నెండు రంగుల పెట్టె తెరవనే వద్దు. పసుపు, నీలం మాత్రమే ఇచ్చి ఎన్ని ఆకుపచ్చలు వస్తాయో చూడమనండి. బురద రాదు, పైగా పిల్లలు లెక్కపెట్టుకుంటూ పోటీ పడతారు.

ఊదా రంగు మాత్రం ఎంత జాగ్రత్తపడినా మట్టి రంగుగా వస్తోందా? మీ ఎరుపులో నారింజ ఛాయ ఉంది. అంటే అందులో ఇప్పటికే కొంత పసుపు ఉన్నట్టే, నీలం కలపగానే మూడు రంగులూ ఒకచోట చేరతాయి. గులాబీ ఛాయ ఉన్న ఎరుపు తీసుకోండి.

కాగితం ముడతలు పడుతోంది, చిరుగుతోంది

ప్రింటర్‌లో వాడే మామూలు కాగితం చదరపు మీటరుకు 70–80 గ్రాములు ఉంటుంది. తడి తగిలినచోట దాని పీచు ఉబ్బుతుంది, పక్కన పొడిగా ఉన్నచోట ఉబ్బదు. అదే ముడత. కుంచెతో ఒకేచోట రుద్దితే ఆ పీచు ఉండలు కట్టి లేచి వస్తుంది. వాటర్ కలర్‌కు 300 గ్రాముల కాగితం మేలు, 200 గ్రాములదైనా చాలావరకు సర్దుకుంటుంది. పలుచని కాగితం తప్ప లేదంటే నాలుగు అంచులూ టేపుతో బల్లకు అతికించి, నీళ్లు తగ్గించి, పోస్టర్ రంగులు వాడండి. ఇప్పటికే ముడత పడిన బొమ్మను బాగా ఆరనిచ్చి, వెనకవైపు కొద్దిగా తడిపి, తెల్ల కాగితాల మధ్య పెట్టి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచితే చాలావరకు సాపు అవుతుంది.

క్రేయాన్ గీతను రంగు మింగేస్తోంది

మైనం నీటిని తోసేయాలంటే గీత గట్టిగా, ఖాళీ లేకుండా పడాలి, పైన పూసే రంగు పలుచగా ఉండాలి. పోస్టర్ రంగు చిక్కగా పూస్తే మైనం కూడా కప్పుకుపోతుంది.

గుజ్జు ముసుగు ఆరడం లేదు, వాసన వస్తోంది

బుడగ మీద కాగితం ముక్కలు అతికించి ముసుగులు చేసే రోజు పిల్లలకు పండగే. ఆ ఉత్సాహంలో ఒక్క పూటలో ఆరు పొరలు వేస్తారు. పైపొర ఆరి గట్టిపడుతుంది, లోపల తడి చిక్కుకుంటుంది. పిండి జిగురు బూజుకు మంచి ఆహారం. ప్రతి ముక్కనూ రెండు వేళ్ల మధ్య లాగి అదనపు జిగురు పిండేయమనండి. రోజుకు రెండు పొరలు దాటవద్దు. ఆరిందో లేదో చెంపకు ఆనించి చూడండి: చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. తొందరపడి బుడగ పగలగొడితే ముసుగు లోపలికి కుంగిపోతుంది. బూజు వచ్చినదాన్ని రంగు వేసి దాచవద్దు, పారేయండి. మళ్లీ చేయడానికి పిల్లలు అనుకున్నంత బాధపడరు, మనమే పడతాం.

మట్టి ఏనుగుకు తొండం ఊడింది

రెండు ముక్కలను నొక్కినంత మాత్రాన మట్టి అతకదు. రెండువైపులా పుల్లతో గీతలు గీసి, నీళ్లలో కలిపిన మెత్తటి మట్టి పూసి, నొక్కి, అతుకును వేలితో చెరిపేయాలి. పగుళ్లకు కారణం వేరు. మట్టి ఆరుతూ కుంచించుకుపోతుంది. సన్నటి చెవి ముందు ఆరుతుంది, లావు పొట్ట ఆలస్యంగా ఆరుతుంది, ఆ లాగుడుకు మధ్యలో పగులుతుంది. పొట్టను లోపల తొలిచి, బొమ్మ మీద ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పి నెమ్మదిగా ఆరనివ్వండి. కొలిమిలో కాల్చేవైతే ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం: లోపలి తడి ఆవిరై బొమ్మను పేల్చేస్తుంది.

కత్తెర కాగితాన్ని కత్తిరించకుండా మడతపెడుతోంది

ఆ బిడ్డ ఎడమచేతి వాటమేమో చూడండి. మామూలు కత్తెరను కుడిచెయ్యి పట్టుకుంటే రెండు బ్లేడ్లూ దగ్గరకు నొక్కుకుంటాయి, ఎడమచేతిలో విడిపోతాయి. ఎడమచేతి కత్తెర ఒకటి బీరువాలో ఉండాలి.

ముప్పై బొమ్మలూ ఒకేలా ఉన్నాయి

ఇది మన చేతి పని. బోర్డు మీద అందమైన నమూనా పెడితే పిల్లలు దాన్ని ఎక్కించకుండా ఏం చేస్తారు? పద్ధతి చూపించండి, చూపించాక నమూనాను చెరిపేయండి. ఆ తర్వాత “చేప గీయండి” అనకుండా “ఈ చేప దేనికో భయపడుతోంది, దేనికి?” అని అడగండి. కొందరు గాలం గీస్తారు, ఒకరు పెద్ద చేపను, ఇంకొకరు చీకటిని. గోడ మీద పెట్టినప్పుడు వరస చక్కగా ఉండదు. ఉండనక్కరలేదు.

“నాకు రాదు టీచర్”

ఈ మాట ఎక్కువగా తొమ్మిదేళ్ల ప్రాంతంలో వినబడుతుంది. పిల్లల బొమ్మల ఎదుగుదలను దశలుగా వివరించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ కూడా వాస్తవికత మీద ధ్యాస మొదలయ్యేది దాదాపు ఆ వయసులోనేనని గుర్తించాడు. ఏడేళ్లప్పుడు గుండ్రటి తల, పుల్లల చేతులు చాలు. ఇప్పుడు కంటికి తేడా తెలుస్తోంది, చెయ్యి ఇంకా అందుకోలేదు. “చాలా బాగుంది” అంటే నమ్మడు. కుంచె లాక్కుని మీరు గీసిస్తే ఆ బొమ్మ ఇక వాడిది కాదు. చిత్తు కాగితం మీద పక్కన మీరు గీస్తూ, చూడటం నేర్పండి: చెవి కంటికి పైన మొదలవుతోందా, కిందనా? మోచెయ్యి నడుముకు ఎంత దగ్గరుంది? ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే వాడే రబ్బరు తీసి చెవిని సరిచేసుకుంటాడు.