చెయ్యి కంటే ముందు కర్ర

దసరా సెలవులకు పిల్లలతో హైదరాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టలకో, నర్సాపూర్ అడవి వైపో జియోక్యాషింగ్‌కి వెళ్దామనుకుంటున్నారా? ఎవరో దాచిన డబ్బాని జీపీఎస్ సాయంతో వెతికి, లోపలి చిన్న పుస్తకంలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టేయడం, అంతే ఆట. 2000 మేలో మొదలైంది. తంగేడు పూసే ఈ రోజులు నడకకి బాగుంటాయి. పాములకీ బాగుంటాయి, చిక్కంతా అక్కడే.

ఆరుబయట కూడా ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. చెట్ల కింద, బండల పక్కన ఇంకా తేడా. అంటే చివర్లో ఫోన్ పనికిరాదు, మన చేతులే వెతకాలి. డబ్బా దాచడానికి పనికొచ్చే రాతి సందు, చెట్టు తొర్ర తేలుకీ పాముకీ కూడా నచ్చుతాయి మరి! రక్తపింజరి ఎండుటాకుల్లో పడుకుంటే పెద్దవాళ్లకే కనపడదు.

అందుకే మా ఇంట్లో ఫోన్ పిల్లలది, కర్ర మాది. దారి వాళ్లు చూపిస్తారు, సందులో కర్ర పెట్టి కదిపేది, టార్చి వేసి చూసేది మేము. కంటికి కనపడని చోట చెయ్యి పెట్టేది లేదు. రాయి ఎత్తాల్సి వస్తే అవతలి అంచు పట్టుకుని మనవైపు లేపాలి. కింద ఏదైనా ఉంటే అటునుంచి అటే పోతుంది. ఇక తవ్వడం అనవసరం, డబ్బాని పాతిపెట్టకూడదని ఆట నియమమే ఉంది. చెప్పులు వద్దు. బూట్లు, ఫుల్ ప్యాంటు వేయండి, దూలగొండి తీగ తగిలితే దురద మామూలుగా ఉండదు.

పాము కాటేస్తే 108కి ఫోన్ చేయండి. కాటు పడిన కాలో చెయ్యో కదలనివ్వకుండా, ఉంగరాలు, గాజులు తీసేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, నాటుమందు ఏవీ వద్దు. పాముని పట్టుకురావాలని దాని వెంట పడకండి.

నాకు పాములకన్నా ఎక్కువ భయం క్వారీ గుంతలు. ఊరి చుట్టూ రాళ్లు తీసి వదిలేసిన చోట వాననీళ్లు నిండి చెరువులా కనిపిస్తాయి, ఒడ్డు నుంచి ఒక్క అడుగు వేస్తే లోతే. ఫోన్ చూస్తూ నడిచే పిల్లాడికి అవి కనపడవు. ఆగి చూడు, ఫోన్ దించి నడువు అని ముందే చెప్పండి. మబ్బు ఉరిమితే గుట్ట పైనుంచి దిగిపోవాలి, చెట్టు కింద నిలబడొద్దు. తేనెపట్టు కనిపిస్తే ఆ డబ్బా వదిలేసుకోండి.

సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్ ఇంట్లోనే దించుకోండి. పొదల్లో ఏం వెతుకుతున్నారని ఊరివాళ్లు అడిగితే దాచకుండా చెప్పండి, దాస్తేనే అనుమానం. తర్వాత వచ్చేవాళ్ల కోసమని డబ్బాలో చాక్లెట్లు పెట్టొద్దు, చీమలు వస్తాయి, అనంతగిరిలో కోతులు ఎలాగూ ఉన్నాయి. చాలా డబ్బాల్లో పెన్ను ఉండదు, ఒకటి జేబులో వేసుకోండి.