పాత ఒమేగా కొనేముందు వెనక మూత తీయించండి

నా మొదటి పాత ఒమేగా (స్విస్ కంపెనీ) వాచీ 2016లో కొన్నాను. సీమాస్టర్ అనే మోడల్, ఆటోమేటిక్ (చేతి కదలికతో దానంతటదే కీ ఎక్కేది), 42,000 రూపాయలు. ఫొటోలో డయల్ అద్దంలా మెరుస్తోంది. యాభై ఏళ్ల వాచీకి అంత మెరుపేమిటన్న అనుమానం ఒక్క క్షణం కూడా రాలేదు. పార్శిల్ రాగానే పాతబస్తీలో నాకు తెలిసిన రిపేరు చాచా దగ్గరికి పట్టుకెళ్లాను, మెచ్చుకుంటాడని. ఆయన కంటికి లెన్స్ పెట్టుకుని అర నిమిషం చూసి, “ముఖానికి రంగేశారు బేటా” అన్నాడు. తర్వాత వెనక మూత తిప్పి తీశాడు. లోపల 166తో మొదలయ్యే మోడల్ నంబరు ఉంది. అరవైల నాటి ఒమేగాల్లో 166 అంటే తేదీ ఉన్న ఆటోమేటిక్. తేదీ లేనిదైతే 165. నా వాచీ డయల్‌కి తేదీ కిటికీయే లేదు!

కేసు, అంటే వాచీ బయటి లోహపు డబ్బా, ఒకదానిది, డయల్ ఇంకోదానిది. ఇలాంటి అతుకుల వాచీలను కలెక్టర్లు ఫ్రాంకెన్‌వాచ్ అంటారు. ఇలా మోసపోయింది నేనొక్కణ్ణే అనుకున్నాను గానీ, 2021 నవంబరులో జెనీవా వేలంలో ఒమేగా వాళ్లదే ఒక తొలితరం స్పీడ్‌మాస్టర్ వాచీ 30 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. కొన్నది ఒమేగా కంపెనీయే, తన మ్యూజియం కోసం. అది కూడా అతుకుల వాచీయేనని 2023లో కంపెనీయే ప్రకటించింది. ఆ వార్త చదివాక నాకు కాస్త ఊరట కలిగిందని ఒప్పుకుంటాను.

అందుకే ముందు మూత తీసిన ఫొటోలు అడగండి. మూత లోపలి వైపు, మిషన్, మిషన్ మీది సీరియల్ నంబరు, మూడూ స్పష్టంగా కనపడాలి. ఆ కాలం ఒమేగా మిషన్ రాగి రంగులో ఉంటుంది. మూత నంబరు చెప్పే మోడల్‌లో ఆ క్యాలిబర్ (మిషన్ రకం) వాడారా, సీరియల్ ఆ ఏళ్లకు సరిపోతుందా అన్నది సరిచూసుకోండి. “మూత తీస్తే ఫ్యాక్టరీ సీల్ పోతుంది సార్” అని నాతో ఒకాయన అన్నాడు. యాభై ఏళ్ల వాచీకి ఫ్యాక్టరీ సీలేమిటండీ! అలాంటి చోట బేరం ఆపేయడమే మంచిది.

తర్వాత డయల్. పాత వాచీ ధరలో సగం ప్రాణం అక్కడే ఉంటుంది, మోసం కూడా ఎక్కువ అక్కడే. పదింతలు చూపే లెన్స్ ఒకటి కొనుక్కోండి. అసలు డయల్ మీద అక్షరాల అంచులు కోసినట్టు ఉంటాయి. తిరిగి రంగేసిన దాని మీద సిరా పాకి కనిపిస్తుంది. నా వాచీలో సీమాస్టర్ అన్న మాటలోని మొదటి అక్షరం వంకరగా ఉంది, నిమిషాల గీతలు గంటల గుర్తులతో కలవలేదు, ఆరు దగ్గర అడుగున ఉండాల్సిన స్విస్ మేడ్ అన్న మాట పైకి జరిగింది. ఇవన్నీ చాచా చూపించాకే కనపడ్డాయి. మన దేశంలో అమ్మకానికొచ్చే పాత వాచీల్లో నెమలి నీలం, మెరూన్ డయళ్లు చాలా కనిపిస్తుంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఇక్కడ రంగేసినవే. కొద్దిగా పసుపెక్కి, మచ్చలు పడ్డా సరే, అసలు డయలే కావాలి నాకు.

చీకట్లో వెలిగే పూత ఉంటే ఇంకో పరీక్ష. అరవైల నుంచి ఆ పూతలో వాడిన ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం పన్నెండేళ్లకు కాస్త అటూ ఇటూగా సగమైపోతుంది. 1967 నాటి వాచీ ఇప్పుడు రాత్రంతా వెలిగితే ఆ పూత కొత్తగా వేసిందే. అంతకుముందువి రేడియంవి. వెలుగు ఆరిపోయినా దాని రేడియేషన్ పోదు, సగం కావడానికే దాదాపు 1,600 ఏళ్లు. ఆ డయల్‌ను మీరే విప్పి గోకకండి, ఆ పొడి పీల్చడం ప్రమాదం.

కేసుకు పాలిష్ ఎక్కువైతే బెల్టు తగిలించే లగ్స్ అంచులు సబ్బుముక్కలా గుండ్రంగా అరిగిపోతాయి. పోయిన లోహం తిరిగి రాదు. వాటర్‌ప్రూఫ్ అని రాసున్నా చేతులు కడిగేటప్పుడు తీసేయండి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం అదనం, నచ్చక వెనక్కి పంపాలంటే ఇంకో తలనొప్పి.

సర్వీసు ఖర్చును కొనే ధరలోనే కలుపుకోండి. నా సీమాస్టర్‌ను శుభ్రం చేసి నూనె వేయడానికి చాచా 4,500 తీసుకున్నాడు. విడిభాగాలు మార్చాల్సి ఉంటే అది ఎక్కడ ఆగేదో. కంపెనీ సర్వీసుకు ఇచ్చేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. అక్కడ బాగు చేయడమంటే మసకబారిన డయల్, ముళ్లు తీసేసి కొత్తవి వేయడం కూడా కావచ్చు. వాచీ చక్కగా నడుస్తుంది, కలెక్టర్ దృష్టిలో విలువ మాత్రం పడిపోతుంది. “డయల్, ముళ్లు మార్చవద్దు, పాలిష్ చేయవద్దు, తీసిన ప్రతి భాగం వెనక్కి ఇవ్వాలి” అని రసీదు మీద రాయించుకున్నాకే వాచీ వాళ్ల చేతికి ఇవ్వండి.