మొగను బట్టి అవరోధ ద్వీపాన్ని చదవడం ఎలా?

తీరానికి సమాంతరంగా సాగుతూ, సరస్సుకూ సముద్రానికీ మధ్య గట్టులా నిలిచే సన్నని ఇసుక దీవిని అవరోధ ద్వీపం అంటారు. పులికాట్‌కు తూర్పున ఉన్న శ్రీహరికోట అటువంటిదే. ఇలాంటి దీవిని పరిశీలించేవారు సాధారణంగా దీవి మీదనే దృష్టి పెడతారు. ముందు చూడవలసింది మొగను, అంటే గట్టు తెగి ఆటుపోట్ల నీరు లోపలికీ బయటికీ నడిచే సందును. ఇందుకు గూగుల్ ఎర్త్‌లోని పాత చిత్రాలు చాలు. అభ్యాసానికి ఒడిశాలోని చిలికా సరస్సును ఎంచుకోండి.

మొదట ఇసుక ఏ దిశగా నడుస్తున్నదో తేల్చుకోవాలి. మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలపు అలలు ఏటవాలుగా తగిలి, ఏడాది మొత్తం మీద ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువగా తోస్తాయి. అందువల్ల మొగకు దక్షిణపు ఒడ్డు నాలుకలా సాగుతుంది, ఉత్తరపు ఒడ్డు కోసుకుపోతుంది, మొగ మెల్లగా ఉత్తరానికి జరుగుతుంది. చిలికాలో ఇలా జరిగి జరిగి, సరస్సుకూ సముద్రానికీ మధ్య కాలువ చాలా పొడవై, పూడిక పేరుకుని, పోటు నీరు లోపలికి చేరడం తగ్గింది. ఉప్పదనం పడిపోయి, కలుపు పెరిగి, చేపల దిగుబడి దెబ్బతినడంతో 2000 సెప్టెంబరులో ఇసుక గట్టును తవ్వి కొత్త మొగ తెరిచారు. ఆ తేదీకి ముందువీ తరువాతవీ చిత్రాలను పక్కపక్కన పెట్టి, ఒడ్డు కొసలు ఎంత కదిలాయో కొలవండి.

తరువాత మొగకు ఇరువైపులా ఉన్న మేటలను పోల్చాలి. పోటు తెచ్చిన ఇసుక లోపల విసనకర్రలా పరచుకుంటుంది, ఆటు తీసుకుపోయినది బయట తిన్నెగా నిలుస్తుంది. అలలు బలంగా, ఆటుపోట్ల తేడా తక్కువగా ఉన్నచోట బయటి తిన్నె చిన్నదిగానూ, దీవి పొడవుగానూ, మొగలు కొద్దిగానూ ఉంటాయి. అమెరికాలోని జార్జియా తీరంలో ఆ తేడా 2 మీటర్లకు మించుతుంది కనుక మొగలు ఎక్కువ, దీవులు పొట్టివి. అక్కడి పెద్ద తిన్నెల చుట్టూ అలలు వంగి ఇసుకను కొంతమేర వెనక్కి నెట్టడంతో దీవి ఒక కొస లావెక్కుతుంది. ఈ ఆకారానికి డ్రమ్‌స్టిక్ అని పేరు. మన ములక్కాడ కాదు, కోడికాలు.

మూసుకుపోయిన మొగలను గుర్తించడం కాస్త కష్టమే గాని, అసలు చరిత్ర అక్కడే ఉంటుంది. గట్టు తెగకుండా కనిపిస్తున్నా, దాని వెనుక సరస్సులోకి చొచ్చుకొచ్చిన మేట మీద చిత్తడి మొక్కలు మొలిచి ఉంటే, అది పాత మొగ ఆనవాలు కావచ్చు. నేలలో గొట్టం దింపి మట్టి నమూనా తీస్తే అడుగున గుల్లలతో కూడిన ముతక ఇసుక, పైకి వచ్చేకొద్దీ సన్నని ఇసుక కనిపిస్తాయి. కొన్ని పొరలు సముద్రం వైపూ, మరికొన్ని సరస్సు వైపూ వాలి ఉండవచ్చు. కదిలే మొగ తన లోతు మేరకు పాత నిక్షేపాలను తవ్వేసి, వెనుక కొత్త ఇసుక నింపుతూ పోతుంది. అందుకే ఆ దారిలోని దీవి పై భాగం పాతదనుకోకూడదు.

చివరగా, రాతి గట్లు ఉన్నాయేమో చూడండి. మేరీలాండ్‌లోని ఓషన్ సిటీ వద్ద 1933 తుఫానుకు తెగిన మొగను గట్లు కట్టి నిలిపారు. ఉత్తరం నుంచి వచ్చే ఇసుక ఆగిపోయి, దక్షిణాన ఉన్న అసాటీగ్ దీవి ఉత్తరపు కొస ప్రధాన భూభాగం వైపుకు వెనక్కి జరిగింది. ఏ రెండు చిత్రాలను పోల్చినా, అవి ఒకే రుతువులో, ఇంచుమించు ఒకే నీటిమట్టంలో తీసినవై ఉండాలి. లేదంటే ఆటు వేళ బయటపడిన తిన్నెనే కొత్త నేలగా లెక్కగడతారు.