జర్మనీ చదువుకు ముందు ఇంటిపేరు సంగతి

విజయనగరంలో ఎవరైనా జర్మనీ వెళ్తున్నానని చెప్పగానే అందరూ అడిగేది "ఎంతవుతుంది?" అని. నా దగ్గరికి వస్తే మాత్రం ముందు పదో తరగతి మెమో, కాలేజీ మెమోలు, పాస్‌పోర్టు తెచ్చి పక్కపక్కన పెట్టమంటాను. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో పొడి అక్షరం మిగులుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, ఉన్నదంతా పేరు గడిలో పోసినవాళ్లూ ఉన్నారు. అప్పలనాయుడు ఒకచోట ఒకే మాట, ఇంకోచోట రెండు ముక్కలు. మన ఊళ్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. అక్కడి ఆఫీసులో కూర్చున్న మనిషికి మాత్రం వాళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులు.

సరిచేయించేది ఏదైనా ఉంటే యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టకముందే చేయించండి. మన విజయనగరం, శ్రీకాకుళం రెండు జిల్లాలూ విశాఖ పాస్‌పోర్టు ఆఫీసు కిందకే వస్తాయి. సీటు వచ్చాక పాస్‌పోర్టు మారిస్తే నంబరు కూడా మారుతుంది, పాత నంబరుతో నింపిన ఫారాలన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

పేరు కుదిరాక ఏపీఎస్. మన మెమోలు అసలువేనని పరిశీలించి ఇచ్చే సర్టిఫికెట్ ఇది. 2022 నవంబరు నుంచి స్టూడెంట్ వీసాకు వెళ్లే దాదాపు అందరికీ తప్పనిసరి చేశారు. చేతికి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి అడ్మిషన్ వచ్చేదాకా ఆగకండి.

"అక్కడ ఫీజు లేదట కదా?" అంటారు. సగం నిజం. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కు కొంత కట్టించుకుంటారు, అంతే. కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనలాంటి బయటి దేశాలవాళ్లు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. స్టుట్‌గార్ట్, హైడెల్‌బర్గ్, కార్ల్స్‌రూహే అన్నీ ఆ రాష్ట్రంలోవే. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 చలికాలం సెమిస్టర్ నుంచి వసూలు మొదలుపెట్టింది. కన్సల్టెన్సీ వాళ్లు ఈ మాట మెల్లగా, చివర్లో చెబుతారు.

అసలు బరువు బ్లాక్డ్ అకౌంట్. ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ముందే వేసి చూపించాలి. అక్కడికి వెళ్లాక నెలకు 992 చొప్పున మన ఖాతాలోకి వస్తాయి. "మన డబ్బు మనకే నెలనెలా ఇవ్వడమేటి?" అన్నారు మా నాన్న, నాకూ అప్పట్లో జవాబు తట్టలేదు. యూరోకు వంద రూపాయలు వేసుకుంటే పన్నెండు లక్షల దగ్గర. ఇది ఖర్చు కాదు, మీరే వాడుకునే డబ్బు. ఆ సంగతి ఇంట్లో వివరంగా చెప్పండి, లేదంటే టెన్షన్ పడతారు. సొంత డబ్బు ఏడాదిలో 10 లక్షలు దాటి పంపితే బ్యాంకువాళ్లు టీసీఎస్ అని కొంత పన్ను ముందే పట్టుకుంటారు. పంపినవారు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేస్తే అది లెక్కలోకి వస్తుంది. ఎప్పుడూ రిటర్న్ వేయని రైతులైనా అది వెనక్కి రావాలంటే ఆ ఏడాది వేయాల్సిందే.

వీసా స్లాట్ హైదరాబాద్‌లో అయితే విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి అదే రోజు దిగి అపాయింట్‌మెంట్‌కు పరుగెత్తే పని పెట్టుకోవద్దు, ఒక రోజు ముందే చేరండి. ఫ్లైటుకూ అంతే. చలికాలం సెమిస్టర్ అక్టోబరులో మొదలవుతుంది, మనకు అది తుఫానుల నెల. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది గుర్తుంది కదా. వీసా స్టిక్కర్ మీద కొన్ని నెలల గడువే కనిపిస్తే కంగారు పడకండి, అక్కడి విదేశీయుల ఆఫీసులో రెసిడెన్స్ పర్మిట్‌కు మారుస్తారు. గడువు తీరకముందే దరఖాస్తు పెట్టడం మాత్రం మీ బాధ్యత.

సామాను సర్దేటప్పుడు అమ్మతో గొడవ తప్పదు. యూరప్‌లోకి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లనివ్వరు, కాబట్టి ఇంటి నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి ఇక్కడే ఉండాలి. పచ్చి కరివేపాకూ వద్దు, పొడి కొట్టించుకోండి. కొబ్బరికాయకు మాత్రం అడ్డు లేదు. ఆవకాయ ప్యాకింగ్ గట్టిగా చేయించి చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి.

శనివారం రాత్రి దిగేలా టికెట్ తీయకండి. ఆదివారం అక్కడ దుకాణాలు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని తప్ప. నేను మొదటి ఆదివారం అటుకులూ వేరుశనగ ఉండలతో గడిపాను.

గది దొరకడమే కష్టం. ఫొటోలు పంపి అడ్వాన్సు అడిగేవాళ్లకు, గది చూడకుండా ఒక్క యూరో కూడా పంపకండి. గదిలో దిగాక రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించాలి. దాన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. అద్దె తక్కువే గానీ నమోదు కుదరదంటే, ఆ గది ఎంత బాగున్నా వదిలేయండి. ముప్ఫై ఏళ్లలోపు వారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటుంది, నెలకు 140 యూరోల పైనే అవుతుంది, 992లో అదీ లెక్క వేసుకోండి. పార్ట్ టైమ్‌గా ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయవచ్చు. తాలింపు వేసేముందు కిటికీ తీయండి, పొగ అలారం మోగితే ఆ సాయంత్రమే పక్కింటివాళ్ల పరిచయం అయిపోతుంది.

ఇక ఉత్తరాలు. బ్యాంకు పిన్, ట్యాక్స్ నంబరు, బీమా కార్డు అన్నీ పోస్టులోనే వస్తాయి, వాటిని డోర్ నంబరు చూసి వేయరు. చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్‌కు నంబరే ఉండదు, పోస్టు డబ్బా మీద ఇంటిపేరు చూసి వేస్తారు. నా డబ్బా మీద పాత విద్యార్థి పేరే ఉంది. మూడు వారాలు ఎదురుచూశాను. పిన్ వచ్చింది, పేరు కనబడక వెనక్కి పోయింది కూడా. డబ్బు ఖాతాలో ఉంది, నా చేతిలో లేదు. ఫ్రెండ్ దగ్గర అప్పు చేసి ఆ నెల అద్దె కట్టాను.

తాళంచెవి చేతికొచ్చిన రోజే చీటీ రాసి టేపుతో డబ్బాకూ కాలింగ్ బెల్‌కూ అంటించండి. పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే రాయండి, పెద్ద అక్షరాలతో, ఇంటిపేరు ఒక్కటి చాలు. మీరు అప్పలనాయుడని పోస్ట్‌మ్యాన్‌కు తెలియాల్సిన పని లేదు.