పాత యూనిక్స్‌లో మోడెమ్ – పాఠం 3: డీసీడీ అబద్ధం చెబితే

కేబుల్ సంగతి కిందటి పాఠంలో అయిపోయింది. ఈసారి రెండే సిగ్నళ్లు. బయటి నుంచి డయల్ చేసి లాగిన్ అయ్యేచోట వచ్చే గొడవల్లో చాలా వరకు వీటి దగ్గరే తేలిపోతాయి.

అవతలి మోడెమ్ క్యారియర్ (ఫోన్ లైన్లో అది పంపే సిగ్నల్) దొరికిందని మన మోడెమ్ కంప్యూటర్‌కి చెప్పేది డీసీడీ. నేను సిద్ధంగా ఉన్నానని కంప్యూటర్ మోడెమ్‌కి చెప్పేది డీటీఆర్. 25 పిన్నుల కనెక్టర్‌లో ఇవి 8, 20. తొమ్మిది పిన్నులదైతే 1, 4.

ముందు ఏ ఫైలూ ముట్టుకోకండి, మోడెమ్ లైట్లు చూడండి. కాల్ లేనప్పుడు సీడీ లైటు (డీసీడీదే) ఆరిపోయి ఉండాలి. వెలుగుతోందంటే మోడెమ్ &సీ0లో, అంటే డీసీడీని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచే సెట్టింగ్‌లో, ఉన్నట్టే. ఎవరో వచ్చారనుకుని గెట్టీ (పోర్టు దగ్గర కాచుకుని లాగిన్ అడిగే ప్రోగ్రామ్) ‘లాగిన్:’ అని పంపుతుంది. మోడెమ్ దాన్నే ఎకో చేస్తుంది. గెట్టీ అది యూజర్ పేరనుకుని పాస్‌వర్డ్ అడుగుతుంది, మళ్లీ ఎకో. ఇద్దరు చెవిటివాళ్ల సంభాషణ అన్నమాట. మెషిన్ నెమ్మదించడానికి ఇదొక్కటి చాలు.

అసలు టెన్షన్ పెట్టేది ఇంకోటుంది. లైన్ తెగినా డీసీడీ పడిపోదు కాబట్టి షెల్‌కి (లాగిన్ అయినవాడి కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్‌కి) లైన్ తెగిందని చెప్పే హ్యాంగప్ సిగ్నల్ అందదు. తర్వాత డయల్ చేసినవాడు నేరుగా పాతవాడి షెల్‌లో దిగుతాడు. అది రూట్ (సర్వాధికారాలున్న యూజర్) షెల్ అయితే ఇక చెప్పేదేముంది!

మందు: మోడెమ్‌కి ఏటీ&సీ1&డీ2 కొట్టి ఓకే చూసుకోండి. &సీ1 అంటే డీసీడీ నిజమే చెప్పాలి, &డీ2 అంటే డీటీఆర్ పడితే లైన్ తెంచాలి. ఆ తర్వాతే ఏటీఈ0క్యూ1&డబ్ల్యూ: ఎకో ఆపు, జవాబులు ఆపు, సేవ్ చెయ్యి. క్యూ1 పడ్డాక మోడెమ్ జవాబివ్వదు, అందుకే చివర్లో.

ఇప్పుడు తిరగేసిన కేసు. కాల్ వస్తే సీడీ వెలుగుతుంది, లాగిన్ మాత్రం రాదు. 2, 3, 7 తీగలు (పంపడం, అందుకోవడం, గ్రౌండ్) మాత్రమే ఉన్న 25 పిన్నుల కేబులేమో విప్పి చూడండి. 8వ తీగ లేకపోతే గెట్టీ పోర్టు తెరుచుకోక అక్కడే ఆగిపోతుంది. చాలామంది సీలోకల్ (డీసీడీని పట్టించుకోవద్దని పోర్టుకి చెప్పే సెట్టింగ్) పెట్టి గట్టెక్కేస్తారు. నాకది నచ్చదు. అది నేరుగా తగిలించిన టెర్మినళ్ల కోసం. మోడెమ్‌కి పెడితే పైన చెప్పిన షెల్ బెడద మళ్లీ మొదటికొస్తుంది.

అభ్యాసం: డయల్ చేసి లాగిన్ అవ్వండి, ఎగ్జిట్ కొట్టండి. టీఆర్ లైటు (డీటీఆర్‌ది) ఒక్క క్షణం ఆరాలి, వెంటనే సీడీ ఆరాలి. టీఆర్ కదలకపోతే ఎస్‌టీటీవైలో (పోర్టు సెట్టింగులు చూపించే, మార్చే కమాండ్) హెచ్‌యూపీసీఎల్, అంటే పోర్టు మూసినప్పుడు డీటీఆర్ దించే సెట్టింగ్, చూడండి. టీఆర్ ఆరినా లైన్ తెగలేదంటే మోడెమ్‌లో &డీ2 సేవ్ కాలేదు.

వచ్చే పాఠంలో: అదే పోర్టు నుంచి బయటికి డయల్ చేయడం, లాక్ ఫైళ్లు.